స్త్రీల ఫుట్‌బాలు లీగు — మన కర్తవ్యము

(ఇటీవల ఒక జిల్లా యువజన సభలో చేసిన ఉపన్యాసము)



క్రీడలను గూర్చియు, జాతీయాభివృద్ధిని గూర్చియు మాటలాడుమని ఈ సభవారు మమ్ము కోరిరి. విషయము మిక్కిలి విశాలమైనది. ఇట్టి విషయమును గూర్చి మాటలాడువాడు అందఱకును హితవుగా నాలుగు మాటలు చెప్పి, ఎవ్వరికిని ఏ పనియు అప్పగింపక వేదిక దిగిపోవచ్చును. మాకు అది సమ్మతము గాదు. కావున ఒక్క చిన్న భాగమును మాత్రము గైకొని దాని లోతు చూడ దలచితిమి. అది ఇండియన్ విమెన్స్ లీగు, అనగా మన దేశమునందలి స్త్రీల అగ్రశ్రేణి ఫుట్‌బాలు లీగు.

ఉద్యోగములు లేని యువకులును, త్రాగునీరు లేని గ్రామములును ఉండగా ఆడపిల్లల బంతాటను గూర్చి ఇంత చర్చ యేల యని మీలో కొందఱు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి మా సమాధాన మిది. 1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాను జట్టు ఈస్టు యార్క్‌షైర్ రెజిమెంటును 2–1 గోలులతో గెలిచి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గైకొనెను. ఆనాడు దేశమున దారిద్ర్యము లేకపోలేదు. ఐనను బానిసత్వమున క్రుంగియున్న జాతికి, మనమును ఎవ్వరికిని తీసిపోమను ధైర్యము ఆ మైదానమున కలిగినది. ఆనాడు పురుషులకు దొరికిన ఆ ధైర్యము నేడు మన బాలికలకు దొరకవలదా? ఏ నిజామాబాదు తండాలోనో, ఏ హర్యానా గ్రామములోనో బంతి తన్నుచున్న బాలికకు ఆ ఆట వలన గౌరవమైన జీవనము లభించునా లేదా అనునది వినోద విషయము గాదు. అది ఆమెకు ఈ దేశమున గల హక్కును గూర్చిన ప్రశ్న.

మొదట పూర్వచరిత్రను చూతము. మన దేశమున స్త్రీల ఫుట్‌బాలు నిన్న మొన్న పుట్టినది కాదు. 1975లోనే ఈ ఆటకు ప్రత్యేకముగ ఒక సమాఖ్య ఏర్పడెను. 1979–80లో కోళిక్కోడున జరిగిన ఆసియా పోటీలో మన స్త్రీలు ద్వితీయ స్థానమును పొందిరి. 1983లో బాంకాకున మఱల ద్వితీయ స్థానము మనదే. ఆ కాలపు క్రీడాకారిణి శాంతి మల్లిక్‌కు అర్జున పురస్కారము లభించెను. స్త్రీల ఫుట్‌బాలునకు ఆ గౌరవము అదియే ప్రథమము. 1990 తరువాత ఈ ఆట అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య యధీనమునకు వచ్చెను. రాష్ట్ర జట్ల నడుమ జాతీయ పోటీలు ఏర్పడెను. ఆ పోటీలలో ఇరువదికి పైబడి పర్యాయములు మణిపురమే విజయము నందినది. 1904లోను, 1939లోను తెల్లదొరల పాలన నెదిరించి వీథులలో నిలిచిన స్త్రీలు గల దేశము మణిపురము. ఆ పోరాటములను వారు నుపీలాన్, అనగా స్త్రీల యుద్ధము, అని పిలుచుకొందురు. ఆ నేలపై ఆడుబిడ్డ మైదానమున దిగుట వింతగా తోపకపోవుటలో ఆశ్చర్యమేమి?

ఐనను ఒక గొప్ప కొఱత నిలిచియుండెను. పురుషులకు జాతీయ లీగు 1996లోనే మొదలయ్యెను. స్త్రీలకు ఏడాదికొకమాఱు జరుగు రాష్ట్ర పోటీలే గతి. పోటీ ముగిసినంతనే క్రీడాకారిణి ఇంటికి మరలవలసినదే. పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగము దొరికినచో ఆట నిలుచును. దొరకనిచో వివాహముతోనో కూలిపనితోనో అంతమగును. ఇట్లు ఇరువది సంవత్సరములు గడచినవి.

ఆ పిమ్మట స్త్రీల లీగు వచ్చినది. 2016 అక్టోబరులో కటకమున ప్రాథమిక పోటీలు జరిగెను. 2017 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియమున ఆఱు జట్లు తుదిదశ నాడెను. మణిపురమునకు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియను, ఒడిశాకు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్బును 3–0 గోలులతో గెలిచి ప్రథమ విజేత యయ్యెను. ఆ ఆఱు జట్లలో హర్యానా రాష్ట్రపు భివానీ జిల్లాలోని ఒక గ్రామము పేర వచ్చిన అలఖ్‌పురా జట్టు కూడ కలదు. ఒక గ్రామపు బాలికలు దేశపు అగ్రశ్రేణి లీగులో నిలిచిరి. ఇంతకంటె గర్వింపదగిన విషయము మఱి యేమి కావలెను?

మఱుసటి యేడు విజయము రైజింగ్ స్టూడెంట్స్‌ను వరించెను. 2019లో తమిళనాటి సేతు క్లబ్బు గెలిచెను. 2020లోను, 2022లోను, 2023లోను కేరళకు చెందిన గోకులం క్లబ్బు వరుసగా విజేత యయ్యెను. నడుమ 2020–21 పోటీ కోవిడు మహమ్మారి వలన ఆగిపోయెను. 2024లో ఒడిశా క్లబ్బు, 2025లో కలకత్తా ఈస్టు బెంగాలు విజేతలైరి. ఈ పట్టికలో మణిపురము కలదు, ఒడిశా కలదు, తమిళనాడు, కేరళము, బెంగాలు కలవు. తెలుగు క్లబ్బు ఒక్కటియు లేదు. ఈ మాటకు మరల వచ్చెదము.

లీగు అను పదమునకు అర్థమేమి? న్యాయవాద వృత్తిలో నున్నవారమగుటచే పదముల అర్థమును నిర్ణయించుకొనక ముందుకు సాగుట మాకు అలవాటు లేదు. ఒకే పట్టణమునకు జట్లనన్నిటిని రప్పించి, మూడు నాలుగు వారములలో ఆటలు ముగించి, బహుమతి నిచ్చి పంపివేయుట పోటీ యగును. ప్రతి జట్టునకును సొంత మైదానము, తన ఊరి ప్రేక్షకులు, మాసముల తరబడి నడచు ఆటల క్రమము, ఆ మాసములకు తగిన వేతనము ఉన్నప్పుడే అది లీగు. 2017 మొదలు 2023 వసంతము వఱకు మన దేశమున నడచినది పేరునకు లీగు, స్వభావమున పోటీ. ఢిల్లీ, షిల్లాంగు, లుధియానా, బెంగుళూరు, భువనేశ్వరము, అహమ్మదాబాదు, ఇట్లు ఏటికొక ఊరు మాఱుచు వచ్చెను. ఏ ఊరివారును అది తమదని తలచుటకు వీలు లేకపోయెను. కోళిక్కోడు జట్టు అహమ్మదాబాదున గెలిచినచో కోళిక్కోడు బాలిక దానిని కన్నులార చూచుట ఎట్లు?

2023 డిసెంబరులో ఈ పద్ధతి మాఱెను. ఏడు జట్లు తమ మైదానముననొకమాఱు, ఎదిరి మైదానముననొకమాఱు ఆడు పద్ధతి ఏర్పడెను. అనగా ఒక్కొక జట్టునకు 12 ఆటలు. 2024–25లో జట్లు ఎనిమిది కాగా ఆటలు 14 అయ్యెను. దానికి దిగువను రెండవ శ్రేణి యొకటి ఏర్పఱచి, ఎక్కుటకును దిగుటకును మెట్లు కట్టిరి. అంతకుముందే, అనగా 2023లోనే, అగ్రశ్రేణి క్లబ్బులు కనీసము పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గని వేతనముతో ఒప్పందము లీయవలెనని సమాఖ్య ప్రకటించెను. నెలకు లెక్కించినచో అది 26,000 రూపాయల చిల్లర యగును. గొప్ప ధనము కాకపోవచ్చును. కాని ఆట యాడుటకు వేతనమునకు కనీస హద్దు కలదని మొదటిసారి వ్రాతపూర్వకముగ అంగీకరించినది ఆ ప్రకటన. మేము దానిని చిన్నచూపు చూడము.

ఫలితములు కనబడుచున్నవి. విదేశముల క్రీడాకారిణులు ఈ లీగునకు వచ్చుచున్నారు. నేపాలునకు చెందిన సావిత్రా భండారీ, ఉగాండాకు చెందిన ఫజీలా ఇక్వాపుట్ గోకులం పక్షమున ఆడిరి. ఆసియా స్త్రీల ఛాంపియన్స్ లీగు 2024లో క్రొత్తగ మొదలు కాగా, మొదటి యేడు ఒడిశా, మఱుసటి యేడు ఈస్టు బెంగాలు గ్రూపు దశకు చేరినవి. 2025 జూలై 5వ తేదీన థాయిలాండులోని చియాంగ్ మాయి నగరమున మన జాతీయ జట్టు థాయిలాండును 2–1 గోలులతో వారి గడ్డపైననే ఓడించి 2026 ఆసియా కప్పునకు అర్హత పొందెను. అర్హత పోటీలలో గెలిచి ఆ కప్పునకు చేరుట మనకు అదియే ప్రథమము. ఆ రెండు గోలులును చేసినది బెంగాలు బిడ్డ సంగీతా బస్‌ఫోర్. ఇదంతయు లీగు మహిమయే యని మేము చెప్పము. అయితే ఏడాదికి అయిదాఱు ఆటలు ఆడినవారికి ఈ ఫలితము దొరకునా యని మాత్రము అడిగెదము.

దీనికి ప్రక్కన మఱియొక దృశ్యము నుంచి చూడుడు. 2022 అక్టోబరులో పదునేడేండ్ల లోపు బాలికల ప్రపంచ కప్పు మన దేశముననే జరిగెను. భువనేశ్వరము, మడగావు, నవీ ముంబయి నగరములు అలంకరింపబడెను. మన బాలికలు అమెరికా చేతిలో 8, మొరాకో చేతిలో 3, బ్రెజిలు చేతిలో 5, వెరసి 16 గోలులు పొంది, ఒక్క గోలును చేయలేక తలవంచిరి. ఆ బాలికలయందు దోషము లేదు. పునాది వేయక పెండ్లిపందిరి వేసినవారిది దోషము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుదురు. ఇంట ఆడుటకే ఆటలు లేనివారిని రచ్చకు పంపుట ఏమి న్యాయము?

ఆ సంవత్సరముననే ఆగస్టు మాసమున ఇంతకంటె శోచనీయమైన సంగతి జరిగెను. సమాఖ్య పాలనలోని చిక్కుల మూలమున ప్రపంచ ఫుట్‌బాలు సంఘమగు ఫీఫా మన సమాఖ్యను సభ్యత్వమునుండి తాత్కాలికముగ తొలగించెను. గోకులం జట్టు ఆసియా క్లబ్బుల పోటీకై అప్పటికే తాష్కెంటు చేరియుండెను. లీగు గెలిచి, విమానమెక్కి, పరదేశమున దిగిన ఆ యువతులు బంతిని తాకకయే మరలవలసి వచ్చెను. పదునొకండు దినములలో ఆ శిక్ష తొలగెను గాని, వారి అవకాశము తిరిగి రాలేదు. పెద్దల తగవులకు మూల్యము చెల్లించినవారు ఆ తగవులతో సంబంధమే లేని క్రీడాకారిణులు.

ఇతర దేశముల అనుభవమును కొంచెము చూతము. ఈ ఆటకు పుట్టినిల్లని చెప్పుకొను ఇంగ్లండున 1920 డిసెంబరులో లివర్‌పూలు నగరమున స్త్రీల జట్ల ఆటను చూచుటకు 53,000 మంది వచ్చిరి. మఱుసటి యేడు డిసెంబరులోనే అచ్చటి ఫుట్‌బాలు సంఘము, ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తన మైదానములను వారికి మూసివేసెను. ఆ నిషేధము ఏబదియేండ్లు నిలిచెను. మనకు నాగరికత నేర్పుటకు వచ్చితిమని చెప్పుకొన్న జాతి తన స్త్రీలకు చేసిన న్యాయమిది. ఐనను వారు తమ తప్పును దిద్దుకొనిరి. 2011లో ఎనిమిది జట్లతో లీగు మొదలిడిరి. తరువాత రెండవ శ్రేణిని ఏర్పఱచిరి. 2018లో అగ్రశ్రేణి క్లబ్బులన్నియు క్రీడాకారిణులకు పూర్తికాలపు వృత్తి కల్పింపవలెనని నిర్బంధించిరి. 2022లో యూరపు కప్పు తుది యాటను వెంబ్లీ మైదానమున 87,192 మంది చూడగా ఇంగ్లండు గెలిచెను. మొదటి లీగునకును ఆ విజయమునకును నడుమ పదునొకండు సంవత్సరముల ఓర్పు కలదు.

అమెరికా కథ వేఱు. అచ్చట 2001లో గొప్ప ధనముతో లీగు మొదలై మూడేండ్లలో మూతబడెను. 2009లో మఱియొకటి మొదలై 2012లో అంతరించెను. 2013లో మూడవది వచ్చి నిలిచినది. ఆడువారి నైపుణ్యమున లోపము లేదు. ప్రపంచ విజేతలే ఆ లీగులలో ఆడిరి. ఆదాయమును మించిన ఆర్భాటమే వాటిని ముంచినది. కనుక మన లీగునకు కావలసినది మెఱుపు గాదు, నిలుకడ. ఈ పాఠము మన పురుషుల లీగునకును వర్తించును. 2010లో పదునేనేండ్లకు వ్రాసికొనిన ఒకే ఒప్పందముపై ఆధారపడియుండుటచే, దాని గడువు సమీపించిన 2025లో పురుషుల అగ్రశ్రేణి లీగు అనుకున్న కాలమున మొదలు కాలేదు. ఒకే స్తంభముపై కట్టిన ఇల్లు ఎట్టిదో అందఱును చూచిరి.

ఇక న్యాయదృష్టితో రెండు మాటలు. క్రీడాకారిణి యనగా ఎవరు? ఆమె ఉద్యోగినియా, కళాకారిణియా, లేక దయతలచి భత్యమిచ్చిన అతిథియా? ఒప్పంద పత్రమునందు ఆమె పేరును, వేతనమును మాత్రము వ్రాసి, గాయపడినచో చికిత్స ఎవరిదో వ్రాయకపోయినచో ఆ పత్రము ఆమెకు రక్షణ గాదు, క్లబ్బునకు రక్షణ. మోకాలు బెణికిన క్రీడాకారిణి తొమ్మిది మాసములు ఆటకు దూరము కావచ్చును. ఒప్పందము ఆఱు మాసములకే యైనచో మిగిలిన కాలము ఆమె ఎవరి బిడ్డ? 2021 నుండి ఫీఫా నియమముల ప్రకారము గర్భవతియైన క్రీడాకారిణికి కనీసము పదునాలుగు వారముల సెలవును, ఆ కాలమున వేతనములో మూడింట రెండు వంతులకు తగ్గని మొత్తమును ఈయవలెను. ఈ నియమమును ఎఱిగిన క్రీడాకారిణులు మన జిల్లాలలో ఎందఱు కలరు?

అంతకంటె ముఖ్యమైనది రక్షణ. 2024లో రెండవ శ్రేణి లీగునకై గోవా వచ్చిన ఇరువురు క్రీడాకారిణులు, సమాఖ్య కార్యవర్గ సభ్యుడొకడు తమ గదిలో ప్రవేశించి తమపై చేయి చేసికొనెనని ఫిర్యాదు చేసిరి. పోలీసులు అతనిని నిర్బంధించిరి. సమాఖ్య అతనిని పదవినుండి తాత్కాలికముగ తొలగించెను. ఆ వ్యవహారమున దోషనిర్ణయము మా పని గాదు. మేము చెప్పదలచినది ఇది. పనిచేయు స్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 చట్టమునందు పనిస్థలమను పదమునకు చేసిన నిర్వచనములో క్రీడాసంస్థలు, స్టేడియములు, పోటీ స్థలములు స్పష్టముగ చేర్చబడియున్నవి. పదిమందికి తక్కువ పనివారున్న చోట్ల ఫిర్యాదు వినుటకు జిల్లాలో స్థానిక సంఘముండవలెను. చట్టము కలదు. దానిని క్రీడాకారిణి బసవఱకు చేర్చువారు కావలెను. బిడ్డను పరరాష్ట్రమునకు పంపు తల్లి అడుగు మొదటి ప్రశ్న గెలుపును గూర్చి కాదు, క్షేమమును గూర్చి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేని లీగునకు ఎంత ధనము పోసినను బిడ్డలు రారు.

పాలనా విషయమునను కొంత వెలుగు కలదు. అనేక సంవత్సరముల వ్యాజ్యము పిమ్మట, 2025 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము కొన్ని మార్పులతో సమాఖ్యకు నూతన నియమావళిని ఆమోదించెను. దాని ముసాయిదాను సిద్ధపఱచినవారు ఆంధ్రదేశపు బిడ్డయగు విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావుగారు. నియమావళి యుండుట ఒకటి, దానిని నడపుట మఱియొకటి. కాపలా లేని చేనికి కంచె మాత్రము చాలదు.

ఇక మన సంగతి. ఫుట్‌బాలున తెలుగువారు వెనుకబడిన జాతి కాదు. హైదరాబాదువాడైన సయ్యదు అబ్దుల్ రహీముగారి శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది. సంతోష్ ట్రోఫీని 1956–57లోను, 1957–58లోను హైదరాబాదు గెలిచినది. 1965–66లో ఆంధ్రప్రదేశము గెలిచినది. ఆ వైభవము తాతలనాటి నేతి కథగ మిగిలినది. మూతులు వాసన చూచుకొనుటతో మనకు తృప్తి.

ఈ నడుమ నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో గుగులోతు సౌమ్య అను బాలిక పెరిగెను. ఆమె కేరళపు గోకులమున ఆడెను. క్రొయేషియా దేశపు జాగ్రెబు నగరపు డైనమో క్లబ్బున ఆడెను. 2025లో ఈస్టు బెంగాలుతో లీగు గెలిచెను. ఆ సంవత్సరమునకు దేశపు ఉత్తమ ఫుట్‌బాలు క్రీడాకారిణిగ సమాఖ్య ఆమెను గౌరవించెను. మనము చప్పట్లు చఱచితిమి. మంచిదే. కాని ఆ మార్గమున ఎచ్చటనైనను ఒక తెలుగు క్లబ్బు పేరు వినబడెనా? 2023లో ఇంటా బయటా ఆడు పద్ధతి వచ్చిన పిమ్మట జరిగిన రెండు సంవత్సరముల లీగులలో రెండు తెలుగు రాష్ట్రములనుండి ఒక్క జట్టును లేదు. బిడ్డ మనది, పొలము పరులది, పంట పరులది. ఒక సౌమ్య ఎన్ని అడ్డంకులు దాటి వెలికి వచ్చెనో మనకు తెలియును. దాటలేక ఆగిపోయినవారి పేర్లు మనకు తెలియవు. వారిని గూర్చియే మా వేదన.

ధనము లేదని కొందఱందురు. మణిపురమునకు మనకంటె ధనమెక్కువయా? అలఖ్‌పురా గ్రామమునకు మన పట్టణములకంటె సిరి యెక్కువయా? ఆడపిల్లలు పొట్టి లాగులతో మైదానమున దిగుట మన ఆచారమునకు విరుద్ధమని మఱికొందఱందురు. వరి నాటునపుడు మోకాలిపైకి చీర చెక్కిన తల్లిని ఆచారము తప్పెనని ఎవరైన నిందించిరా? పని గౌరవమైనదైనచో పనికి తగిన వస్త్రమును గౌరవమైనదే.

కావున మనము చేయదగిన పనులు నాలుగు. మొదటిది, జిల్లాలో బాలికలకు మూడు దినముల పోటీ గాక, కనీసము మూడు మాసములు వారమునకొక ఆట చొప్పున నడచు లీగును ఏర్పఱచుట. ఎనిమిది పాఠశాలలు కలిసినచో చాలును. ప్రతి జట్టును తక్కినవానితో ఒక్కొక్కమాఱు ఆడినచో ఏడు వారములు, రెండేసిమాఱులు ఆడినచో పదునాలుగు వారములు. రెండవది, పురపాలక మైదానములలో సాయంకాలమున కొన్ని గంటలు బాలికలకే కేటాయించుమని అర్జీలు పెట్టి, సాధించువఱకు వదలకుండుట. మూడవది, క్లబ్బులు ఇచ్చు ఒప్పందములను చదివి, తెలుగున వివరించి, సంతకమునకు ముందే లోపములను చూపుటకు న్యాయవాదులు ముందుకు వచ్చుట. ఈ పనికి రుసుము గైకొనక మేమును, మాతోడి న్యాయవాదులు కొందఱును సిద్ధముగ నున్నాము. ఈ సభ ముగిసిన పిమ్మట పేరు నమోదు చేసికొనవచ్చును. నాలుగవది అన్నిటికంటె సులువైనది, అన్నిటికంటె అరుదైనది. బాలికలు ఆడునపుడు వెళ్లి గట్టుపై కూర్చుండి చూచుట.

లీగు అనునది ఢిల్లీలో కూర్చున్న సమాఖ్య ఒక్కటియే కట్టగల కట్టడము గాదు. పైన ఎనిమిది జట్లుండవలెనన్న క్రింద ఎనుబది జట్లు ఉండవలెను. వానికి క్రింద ఎనిమిది వందల పాఠశాలలు ఉండవలెను. పై అంతస్తున ఏమి లోపమున్నదో చెప్పుట మన హక్కు. క్రింది అంతస్తును కట్టుట మన విధి. స్వాతంత్ర్యోద్యమ కాలమున నూలు వడికినవారు మిల్లులకై ఎదురుచూడలేదు. తమ ఇంటి రాట్నముతో మొదలిడిరి. మనమును మన ఊరి మైదానముతో మొదలిడుదము. ఎనిమిది పాఠశాలల పేర్లు ఈ రాత్రికే వ్రాసి యిండు. మొదటి ఆటకు తేదీ నిర్ణయించుకొని మఱి ఇంటికి పోదము.